ఇంజిన్ మార్చిన బండికి ఏసీ పైపులు: పాతవి అతికించాలా, కొత్తవి చేయించాలా?

ఇంజిన్ మార్చాలనుకున్నప్పుడు ఇంజిన్ ధర, మౌంటింగులు, గేర్‌బాక్స్, వైరింగ్ అన్నీ లెక్క వేసుకుంటాం. ఏసీ పైపుల సంగతి ఆ లెక్కలోకి రాదు. ఇంజిన్ కూర్చుని, బండి వారం రోజులు తిరిగాక "ఇక ఏసీ కూడా కలిపేద్దాం" అని బానెట్ ఎత్తితే పాత పైపు కొస ఒక మూల, కంప్రెసర్ ఇంకో మూల కనిపిస్తాయి. మా పికప్‌కి ఇదే జరిగింది. పాత ఇంజిన్‌కి కంప్రెసర్ పైన, ఎడమ పక్కన ఉండేది. కొత్తదానికి కింద, కుడి పక్కన, టర్బోకి జానెడు దూరంలో ఉంది. పాత పైపులు అక్కడిదాకా అందవు.

మేం ఉండేది హైదరాబాద్‌లోని వనస్థలిపురం. బాటసింగారం మార్కెట్ నుంచి పండ్లు తెచ్చి ఊళ్లో దుకాణాలకు వేస్తాం. బండి నడిపేది మా తమ్ముడు. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఇంజిన్ వేడి కాళ్ల కింద నుంచి, ఎండ అద్దంలోంచి కొడుతుంటే వాడు ఎలా వచ్చేవాడో నాకు తెలుసు. సరుకు బండికి ఏసీ ఎందుకు అని ఎవరైనా అంటే నాకు నిజంగా కోపం వస్తుంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతి ట్రక్కులకు, అంటే మొత్తం బరువు 3.5 టన్నులు దాటే సరుకు బండ్లకు, క్యాబిన్ ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్రం నిబంధన తెచ్చింది. అంతకుముందు తయారైన బండ్లకు అది వర్తించదు. ఆ బండ్లు నడిపేవాళ్లకు ఎండ మాత్రం అదే.

ఈ పని మేం రెండుసార్లు చేయించాం. మొదటిసారి తప్పుగా, రెండోసారి సరిగ్గా. మీరు ఒక్కసారితో ముగించుకోవాలని ఇదంతా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఇంజిన్ నంబరు మారితే ఆర్‌సీలో కూడా మారాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి వివరాలు రిజిస్ట్రేషన్‌కి తేడాగా ఉండకూడదు. ఇంజిన్ దించకముందే ఆర్టీఏలో అనుమతి సంగతి తేల్చుకోండి. ఏసీ ఆ తర్వాతి మాట.

ఏ పైపు ఏం చేస్తుంది

బండి ఏసీలో మూడు లైన్లు ఉంటాయి. కంప్రెసర్ నుంచి, ముందు వైపు గ్యాస్‌ను చల్లార్చే కండెన్సర్‌కి వెళ్లేది డిశ్చార్జ్ లైన్. ఇందులో గ్యాస్ వేడిగా, ఒత్తిడి మీద ఉంటుంది. కండెన్సర్ నుంచి తేమ పీల్చే డ్రయర్ మీదుగా డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌కి వెళ్లేది లిక్విడ్ లైన్, అన్నిట్లోకీ సన్నది. కూలింగ్ కాయిల్ నుంచి తిరిగి కంప్రెసర్‌కి వచ్చేది సక్షన్ లైన్, అన్నిట్లోకీ లావుది, బండి నడుస్తుంటే చల్లగా చెమట పట్టేది.

ఇంజిన్ మారితే లిక్విడ్ లైన్‌కి సాధారణంగా ఏమీ కాదు. దాని రెండు కొసలూ బాడీ మీదే ఉన్నాయి కదా. మారేవి సక్షన్, డిశ్చార్జ్. ఈ రెంటికీ ఒక కొస ఇంజిన్ మీద, ఇంకో కొస బండి మీద. ఆటోనగర్‌లో మా పని చేసిన ఉస్తాద్ మొదటి రోజే చెప్పాడు: "అన్నా, ఈ కొస ఇంజిన్‌ది, ఆ కొస బండిది. అవి రెండూ మార్చకు. నడుమ పైపే మనం చేసేది." నేను ఇవాళ ఎవరికి సలహా ఇచ్చినా ఆ మాటతోనే మొదలుపెడతాను. కంప్రెసర్ మూతికి సరిపోయే ఫిట్టింగ్ ఆ ఇంజిన్ వచ్చిన బండి పైపుకే ఉంటుంది. కండెన్సర్‌కి, కూలింగ్ కాయిల్‌కి సరిపోయే ఫిట్టింగ్ మీ పాత పైపుకే ఉంటుంది. ఏ ఒక్క పైపూ రెండు పక్కలా సరిపోదు.

ముందున్న దారులు

పాత పైపునే కోసి, ముక్క అతికించి పొడిగించడం మొదటి దారి. అన్నిట్లోకీ చవక, ఒక పూటలో అయిపోతుంది. మేం మొదట చేసింది ఇదే. ఆ షాపు పేరు చెప్పను, అలా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. పాత హోస్ కోసి, మధ్యలో ఇనుప నిప్పల్ (హోస్ లోపలికి దూరే చిన్న గొట్టం) పెట్టి, హైడ్రాలిక్ హోస్ ముక్క తగిలించి, రెండు పక్కలా క్లిప్పులు బిగించారు. వాక్యూమ్ పట్టారు, అంటే పంపుతో లోపలి గాలి లాగేశారు, గ్యాస్ పట్టించారు. క్యాబిన్ చల్లబడింది. మేం సంతోషంగా ఇంటికొచ్చాం. మూడు వారాలకు చల్లదనం తగ్గింది. మళ్లీ గ్యాస్ పట్టించాం. ఇంకో నెలకు అదీ పోయింది. బానెట్ ఎత్తి చూస్తే క్లిప్పుల చుట్టూ నూనె, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి ముద్ద. ఏసీ పైపు మీద అలాంటి జిడ్డు కనిపిస్తే అక్కడ గ్యాస్ పోతోందని అర్థం. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా అక్కడినుంచే బయటికి వస్తుంది. గ్యాస్ పోయిందన్న బాధకన్నా ఆయిల్ పోయిందన్న బాధ ఎక్కువ ఉండాలి, ఎందుకంటే ఆయిల్ లేకుండా తిరిగితే కంప్రెసరే పట్టేస్తుంది.

ఇంజిన్ వచ్చిన బండి పైపుల సెట్టు మొత్తం తెచ్చుకోవడం రెండో దారి. ఇంజిన్ ఎక్కడ కొన్నారో అక్కడే అడిగితే సక్షన్, డిశ్చార్జ్ పైపులు కూడా ఇస్తారు. కంప్రెసర్ దగ్గర పట్టు గట్టిగా కుదురుతుంది. అవతలి కొస మాత్రం ఆ బండి కండెన్సర్‌కి చేసింది, మీ బండి కండెన్సర్‌కి కాదు. కండెన్సర్ కూడా అదే తెచ్చి పెట్టుకుంటే సరిపోతుందేమో చూడొచ్చు కానీ, గ్రిల్ వెనక చోటు, బ్రాకెట్లు, రేడియేటర్ సైజు అన్నీ కలవాలి. అదే కంపెనీ, అదే క్యాబిన్, ఇంజిన్ ఒక్కటే వేరే వేరియంట్‌ది అయితే ఈ దారి అన్నిటికన్నా మేలు. అప్పుడు ఇంకేమీ ఆలోచించొద్దు, ఆ వేరియంట్ పైపులు కొత్తవే కొనండి. మిగతావాళ్లకు ఆ సెట్టు ఒక పనికి తప్పకుండా పనికొస్తుంది: కంప్రెసర్ వైపు కొస కోసం. ఇంజిన్ బేరం చేసేటప్పుడే ఆ పైపులు కూడా కలిపి అడగండి. తర్వాత విడిగా వెతికితే దొరకవు.

మూడోది మా ఉస్తాద్ చెప్పినది. రెండు కొసలూ ఎవరివి వాళ్లవే ఉంచి, నడుమ కొత్త హోస్ వేసి ప్రెస్ చేయించడం, అంటే మెషిన్‌తో నొక్కి బిగించడం. మొదటి దారికన్నా ఖర్చు బాగా ఎక్కువే. అయినా రెండుసార్లు గ్యాస్, ఒకసారి డ్రయర్, పోయిన రోజుల కిరాయి కలిపితే మేం మొదటి దారిలోనే ఎక్కువ పోగొట్టుకున్నాం. వేరే ఇంజిన్ పెట్టిన చాలా బండ్లకు సరైన దారి ఇదే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను.

నాలుగోది మొత్తం అల్యూమినియం పైపు వంచి వెల్డింగ్ చేయించడం. చూడ్డానికి చాలా శుభ్రంగా, కంపెనీ పనిలా ఉంటుంది. ఇంజిన్‌కి, బాడీకి మధ్య మాత్రం ఇది అస్సలు వద్దు. డీజిల్ ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది. స్టార్ట్ చేసినప్పుడు, ఆపినప్పుడు ఎంత కదులుతుందో బానెట్ ఎత్తి ఒకసారి చూడండి. ఆ కదలికను గట్టి పైపు తట్టుకోలేదు, కొన్ని నెలల్లో మెడ దగ్గర చీలుతుంది. ఇళ్ల ఏసీలు చేసేవాళ్లు కొందరు రాగి పైపు వేసి ఇస్తామంటారు. గోడకు కదలకుండా ఉండే పైపుకి రాగి బంగారమే. వణికే బండిలో రాగి గట్టిపడి పెళుసవుతుంది, పైగా అల్యూమినియంతో కలిసిన చోట తడి తగిలితే అల్యూమినియం తినేస్తుంది. గట్టి పైపు వాడాల్సింది బాడీ మీద పొడుగునా సాగే చోట మాత్రమే. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య కనీసం ఒక మెత్తటి హోస్ ముక్క ఉండి తీరాలి.

ఐదోది పైకప్పు మీద పెట్టే బ్యాటరీ ఏసీ. దానికి బెల్టు లేదు, ఇంజిన్‌తో పని లేదు, ఈ పైపుల గొడవే లేదు. పెద్ద లారీలో రాత్రి ఇంజిన్ ఆపి పడుకునే డ్రైవర్లకు అది నిజంగా మంచిది. 12 వోల్టుల పికప్‌కి మాత్రం బరువు. 700 వాట్లు తీసుకునే యూనిట్ అనుకుంటే 12 వోల్టుల మీద దాదాపు 58 ఆంపియర్లు లాగుతుంది, 24 వోల్టుల మీద అయితే 29. మామూలు పికప్ ఆల్టర్నేటర్ మీద హెడ్‌లైట్లు, ఫ్యాన్లు పోగా అంత మిగలడం కష్టం. కండెన్సర్, కూలింగ్ కాయిల్ ఇప్పటికే బండిలో ఉంటే వాటిని వదిలేసి దీనికి వెళ్లొద్దు. క్యాబిన్‌లో ఇప్పటిదాకా ఏసీయే లేని 24 వోల్టుల లారీ అయితే ఆలోచించండి.

ఏ కంప్రెసర్ ఉంచుకోవాలి

పైపుల కన్నా ముందు తేలాల్సిన ప్రశ్న ఇది. కొత్త ఇంజిన్‌తో వచ్చిన కంప్రెసర్ ఉంచుకోవడమే మంచిది. బ్రాకెట్, పుల్లీ, బెల్టు వరస అన్నీ దానికే సరిపోయి ఉంటాయి. పాత కంప్రెసర్ ఎక్కించాలంటే బ్రాకెట్ చేయించాలి, పుల్లీ గాడి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా బెల్టు అరుస్తుంది, చివరికి తెగుతుంది.

రెండు చోట్ల మాత్రం ఆగి చూడాలి. ఒకటి, వోల్టేజి. పికప్‌లు, చిన్న ట్రక్కులు చాలావరకు 12 వోల్టులు, పెద్ద లారీలు 24. కంప్రెసర్‌ని బెల్టుతో కలిపే 12 వోల్టుల మ్యాగ్నెట్ క్లచ్‌కి 24 ఇస్తే కాయిల్ కాలిపోతుంది. 24 వోల్టులదానికి 12 ఇస్తే గట్టిగా పట్టదు, జారి జారి వేడెక్కి పోతుంది. రెండు, ఆ కంప్రెసర్ ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) చెప్పినట్టు తన సామర్థ్యం తనే మార్చుకునే రకమేమో చూడండి. వెనక వైపు అదనంగా ఒక ఎలక్ట్రిక్ కంట్రోల్ వాల్వ్, దానికి వైరు ఉంటే అలాంటిదే. మీ బండి వైరింగ్ దానికి ఆజ్ఞ ఇవ్వలేదు. అప్పుడు అదే మూతి, అదే బోల్టుల దూరం ఉన్న మామూలు రకం కంప్రెసర్ వెతుక్కోవాలి.

కంప్రెసర్ ఏ ఆయిల్ అడుగుతుందో దాని స్టిక్కర్ మీద ఉంటుంది. ఆర్‌134ఏ (బండి ఏసీలో నింపే గ్యాస్ రకం) వాడే బండ్లలో పీఏజీ అనే రకం ఆయిల్ వాడతారు కానీ అందులోనూ చిక్కదనం వేరు వేరు. 46 నంబరు అడిగేదానికి 100 నంబరు పోయొద్దు. డబ్బా మూత తెరిచి పెట్టి ఉన్న పీఏజీ ఆయిల్ అసలు పోయనివ్వొద్దు. అది గాలిలోని తేమను స్పంజిలా పీల్చుకుంటుంది. వానాకాలంలో అయితే మరీను.

హోస్ ఎలాంటిది

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, మేమూ ఇక్కడే మోసపోయాం. హైడ్రాలిక్ హోస్ చూస్తే దిట్టంగా, లోపల ఉక్కు తీగలతో ఉంటుంది. దాని మీద రాసిన ఒత్తిడి అంకె ఏసీ ఒత్తిడికి పది రెట్లు ఉండొచ్చు. ఇంత గట్టిది ఎందుకు ఆగదు అనిపిస్తుంది. హోస్ పగలదు, నిజమే. ఆర్‌134ఏ చాలా సన్నటి గ్యాస్, మామూలు రబ్బరు గోడలోంచే మెల్లగా చెమటలా బయటికి పోతుంది. అందుకే ఏసీ కోసం బ్యారియర్ హోస్ అని వేరే చేస్తారు. దాని లోపల నైలాన్ పొర ఉంటుంది, గ్యాస్‌ను ఆపేది ఆ పొరే. హోస్ మీద ఎస్‌ఏఈ జె2064 అని అచ్చు ఉందో లేదో మీరే చదివి చూసుకోండి. కోసిన అంచు దగ్గర కూడా రబ్బరు మధ్యలో ఆ సన్నటి వేరే రంగు వలయం కనిపిస్తుంది.

సైజులు నంబర్లతో పిలుస్తారు. 6వ నంబరు లోపలి వెడల్పు సుమారు 8 మి.మీ., ఇది లిక్విడ్ లైన్‌కి. 8వ నంబరు సుమారు 10 మి.మీ., డిశ్చార్జ్‌కి. 10వ నంబరు సుమారు 13 మి.మీ., సక్షన్‌కి. పెద్ద క్యాబిన్, పొడుగు సక్షన్ లైన్ ఉంటే 12వ నంబరు, అంటే 16 మి.మీ. వేస్తారు. షాపులో 10 లేదని 8వ నంబరు సక్షన్‌కి తగిలిస్తే ఒప్పుకోవద్దు. తిరిగొచ్చే గ్యాస్ పల్చగా ఉంటుంది, దానికి దారి వెడల్పుగా కావాలి. సన్నం చేస్తే కంప్రెసర్‌కి అందే గ్యాస్ తగ్గి, చల్లదనం తగ్గుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. బ్యారియర్ హోస్‌లోనే పల్చటి గోడ రకం, మందపాటి గోడ రకం అని రెండున్నాయి. లోపలి వెడల్పు ఒకటే, బయటి వెడల్పు వేరు. పల్చటిది ఇరుకు బానెట్‌లో తేలిగ్గా వంగుతుంది, పికప్‌కి నేను దాన్నే ఇష్టపడతాను. అయితే దాని ఫెరూల్ (హోస్ కొస మీద నొక్కే లోహపు గొట్టం), ప్రెస్ చేసే డై (మెషిన్ అచ్చు) కూడా పల్చటి రకానివే అయి ఉండాలి. మందపాటి హోస్ ఫెరూల్ పల్చటి హోస్‌కి వేసి నొక్కితే పట్టు కుదరదు, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది.

ఎక్కడ చేయించాలి

రాణిగంజ్‌లో హోస్, ఫిట్టింగులు, ఓ-రింగులు (జాయింట్లలో వేసే రబ్బరు వలయాలు) వెతుక్కోవడానికి వరుసగా కొట్లున్నాయి. సామాను కొనడానికి బాగుంటుంది. పుత్లీబౌలిలో స్పేర్లు దొరుకుతాయి. పని మాత్రం బండి పక్కనే చేసేచోటే చేయించండి. కారణం కింద చెబుతాను. మాకు ఇంటికి దగ్గర కాబట్టి ఆటోనగర్‌లో చేయించాం.

షాపులో అడగాల్సిన ప్రశ్నలు మూడే. మీ ప్రెస్ మెషిన్‌కి ఏసీ డై ఉందా? హైడ్రాలిక్ డైతో నొక్కితే ఏసీ ఫెరూల్ సరిగా అణగదు. నైట్రోజన్ సిలిండర్ ఉందా? పాత గ్యాస్ మెషిన్‌తో తీస్తారా, గాలికి వదిలేస్తారా? ఆర్‌134ఏ వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కి 1,430 రెట్లు బలమైనది. ఒక పికప్‌లోని 700 గ్రాములు గాలికి వదిలితే దాదాపు ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. పైగా గ్యాస్ మిగిలి ఉన్న పైపుకి గ్యాస్ కట్టర్ మంట తగిలితే విషపు పొగ వస్తుంది, అది పీల్చేది అక్కడ పనిచేసే కుర్రాళ్లు. వెల్డింగ్ చేసే పైపు పూర్తిగా ఖాళీ అయిందని చూశాకే మంట ముట్టించనివ్వండి.

బండి మీదే కొలవాలి

కొసల ఫిట్టింగులు ఒకోదానికి ఒకో వంపు ఉంటుంది. హోస్ రెండు కొసలకూ వంపులుంటే ఒకటి పైకి, ఇంకోటి పక్కకి ఎంత కోణంలో తిరగాలో ముందే తేలాలి. ఒకసారి ప్రెస్ చేశాక ఆ కోణం మారదు. తప్పు కోణంలో నొక్కిన హోస్‌ని బలవంతంగా తిప్పి బిగిస్తే అది జీవితాంతం మెలిక పడే ఉంటుంది, వదులై లీక్ అవుతుంది.

మా ఉస్తాద్ చేసిన పద్ధతి ఇది. పాత పైపు రెండిట్నీ ఫెరూల్ దగ్గర కోసి, అల్యూమినియం కొసలు మాత్రం ఉంచాడు. పాత ఫెరూల్‌ని జాగ్రత్తగా చీల్చి తీసి, నిప్పల్ మీద గీతలు లేవని భూతద్దంతో చూశాడు. ఒకదాని మీద గీత ఉంటే దాన్ని పక్కన పడేసి, ఆ వంపుకే కొత్త ఫిట్టింగ్ తెప్పించి అల్యూమినియం వెల్డింగ్ చేయించాడు. తర్వాత కొసల్ని వాటి వాటి చోట్ల బండి మీద బిగించి, కొత్త హోస్‌ని నొక్కకుండా ఊరికే తొడిగి, దారి పొడుగునా పరిచి, తమ్ముణ్ణి ఇంజిన్ స్టార్ట్ చేసి ఆపమన్నాడు. ఇంజిన్ ఊగినప్పుడు హోస్ ఎక్కడైనా లాగుతోందా, ఎక్కడైనా రాసుకుంటోందా అని చూశాడు. రెండంగుళాలు ఎక్కువ వదిలాడు. అన్నీ కుదిరాక ఫెరూల్ మీద నుంచి హోస్ మీదికి తెల్ల మార్కర్‌తో ఒక గీత గీశాడు. విప్పి, ఆ గీతలు కలిసేలా పెట్టి, అక్కడే నొక్కాడు. బండి ఇంట్లో పెట్టి, కొలత కాగితం మీద రాసుకెళ్లి ఇంకెక్కడో నొక్కించుకొస్తే ఈ గీత ఉండదు. పని బండి పక్కనే జరగాలని నేను అన్నది ఇందుకే.

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలు ఈ కొలతలకే పోయాయి. విసుగు పుట్టింది, నిజమే. తర్వాత ఆ పైపు మళ్లీ విప్పాల్సిన పని రాలేదు.

గ్యాస్ పట్టించే నాజిల్స్ పైపు మీదే ఉంటే కొత్త పైపులో వాటి చోటు పోగొట్టుకోవద్దు. ఆర్‌134ఏలో తక్కువ ఒత్తిడి వైపు నాజిల్ 13 మి.మీ., ఎక్కువ ఒత్తిడి వైపు 16 మి.మీ. కాబట్టి గేజ్ తారుమారు కాదు. అవి బానెట్ ఎత్తగానే చేతికి అందేచోట ఉండాలి, ఇంజిన్ కింద పడితే ప్రతిసారీ జాకీ వేయాలి. ప్రెషర్ స్విచ్ కూడా అంతే. కొందరు స్విచ్ వైర్లు రెండూ కలిపేసి "డైరెక్ట్" చేసేస్తారు. గ్యాస్ తక్కువైనా, ఒత్తిడి మరీ పెరిగినా కంప్రెసర్‌ని ఆపేది ఆ స్విచ్చే. దాన్ని తీసేసి ఇచ్చిన బండిని తీసుకోవద్దు.

దారి విషయంలో వేడి మీద ముందు చూపు పెట్టండి. ఎగ్జాస్ట్, టర్బో పక్కనుంచి హోస్ పోనివ్వకండి. వేరే దారి లేకపోతే వేడి ఆపే గుడ్డ తొడుగు వేసి, మధ్యలో రేకు అడ్డం పెట్టించండి. సక్షన్ లైన్ చల్లటి గ్యాస్‌తో తిరిగొస్తుంది, దాన్ని టర్బో పక్కన వెచ్చబెడితే ఇంధనం ఖర్చు పెట్టి తెచ్చుకున్న చల్లదనం అక్కడే పోతుంది. హోస్ ఇనుముకు రాసుకునే ప్రతిచోటా రబ్బరు లోపలున్న క్లాంపు ఉండాలి. ప్లాస్టిక్ టై ఒక్కటి బిగిస్తే అదే రంపంలా కోస్తుంది.

జాయింట్లన్నిటికీ కొత్త ఓ-రింగులు వేయాలి, ఆర్‌134ఏకి పనికొచ్చే హెచ్‌ఎన్‌బీఆర్ రకం. సాధారణంగా ఆకుపచ్చగా ఉంటాయి. వేసేముందు ఏసీ ఆయిల్ పూయాలి, గ్రీజు వద్దు. డ్రయర్ మార్చడం బేరం ఆడాల్సిన విషయం కాదు. ఇంజిన్ పని జరిగిన ఇన్ని రోజులూ పైపులు తెరిచే ఉన్నాయి కదా, డ్రయర్‌లోని గుళికలు గాలి తేమతో నిండిపోయి ఉంటాయి. ఇంజిన్ దించే రోజే తెరిచిన మూతులన్నిటికీ ప్లాస్టిక్ మూతలు, టేపు వేయిస్తే దుమ్ము అయినా తప్పుతుంది.

పరీక్ష, గ్యాస్

గ్యాస్ పట్టేముందు వాక్యూమ్ ఆగిందని చూపించి "లీక్ లేదు అన్నా" అంటారు. వాక్యూమ్ పరీక్షలో బయటి గాలి లోపలికి నొక్కుతుంది, అది (టైర్ల గాలి కొలిచే లెక్కలోనే) 14 పీఎస్‌ఐ కన్నా ఎక్కువ ఉండదు. బండి నడిచేటప్పుడు ఎక్కువ ఒత్తిడి వైపు లోపలినుంచి బయటికి 250 పీఎస్‌ఐ పైగా తోస్తుంది. కొత్తగా నొక్కిన జాయింట్‌కి ఈ రెండూ ఒకటి కాదు. అందుకే ముందు పొడి నైట్రోజన్ 150 పీఎస్‌ఐ దాకా నింపి, జాయింట్ జాయింట్‌కీ సబ్బు నురగ పెట్టి చూడాలి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌తో నింపితే తేమ లోపలికి పోతుంది. ఆక్సిజన్ సిలిండర్ అయితే మరీ ప్రాణాంతకం, నూనెతో కలిసి పేలుతుంది. నైట్రోజన్ అలాగే ఒక రాత్రి ఉంచగలిగితే ఇంకా మంచిది. సాయంత్రం నుంచి తెల్లారేసరికి వేడి పది డిగ్రీలు తగ్గితే గేజ్ ఐదు పీఎస్‌ఐ వరకు దిగడం సహజం, అది లీక్ కాదు.

తర్వాత వాక్యూమ్ కనీసం 45 నిమిషాలు. ఇక్కడ మన ఊరి సంగతి ఒకటుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడి గాలి ఒత్తిడి దాదాపు 28 అంగుళాల పాదరసమే. సముద్రతీరంలో 29 దాటే గేజ్ ఇక్కడ 28 దగ్గరే ఆగుతుంది. పంపు బాగోలేదని మేం అనవసరంగా గంటసేపు టెన్షన్ పడ్డాం.

గ్యాస్ ఎంత? పాత స్టిక్కర్ మీదున్న గ్రాములు పాత పైపుల లెక్క. పొడుగు పెరిగింది సక్షన్ లైన్ అయితే తేడా దాదాపు లేదు, మీటరుకు రెండు గ్రాముల చొప్పున ఉంటుంది. లిక్విడ్ లైన్ కూడా మార్చి పొడిగించి ఉంటే మీటరుకు సుమారు 55 గ్రాములు కలపాలి, అందులో గ్యాస్ ద్రవంగా నిండి ఉంటుంది కాబట్టి. తూకం మీద పట్టించి, తర్వాత గేజ్ చూసి సరిచూసుకోవాలి. 40 డిగ్రీల ఎండలో తక్కువ వైపు 30 నుంచి 45 పీఎస్‌ఐ, ఎక్కువ వైపు 230 నుంచి 270 మధ్య ఉంటే మంచి లెక్క. ఎక్కువ వైపు 300 దాటి పోతుంటే వెంటనే గ్యాస్ తీయించకండి, ముందు కండెన్సర్ ఫ్యాన్ చూడండి. ఇంజిన్ మార్చినప్పుడు పాత ఫ్యాన్ కవచం తీసేసి మళ్లీ పెట్టని బండ్లు చాలా ఉన్నాయి. రోడ్డు మీద బాగుండి సిగ్నల్ దగ్గర వెచ్చబడే ఏసీకి చాలాసార్లు కారణం అదే. మాకు కండెన్సర్ ముందు ఒక ఎలక్ట్రిక్ ఫ్యాన్ అదనంగా పెట్టాక గానీ ఎల్బీనగర్ సిగ్నల్ కష్టం తీరలేదు.

పని అయ్యాక నెల రోజులకు ఒకసారి వెళ్లి క్లాంపులు, రాసుకునే చోట్లు, ఫెరూల్స్ చుట్టూ జిడ్డు ఉందేమో చూపించుకోండి. మాది చూసినప్పుడు బ్యాటరీ ట్రే అంచుకు సక్షన్ హోస్ కొంచెం రాసుకుంటోంది. క్లాంపు రెండంగుళాలు జరిపి, ట్రే అంచుకు రబ్బరు బీడింగ్ అతికించాం. హోస్ పొడవులు, వాడిన ఫిట్టింగుల నంబర్లు, పట్టించిన గ్యాస్ గ్రాములు, ఆయిల్ రకం ఒక కాగితం మీద రాసి డాష్‌బోర్డు పెట్టెలో ఉంచాం. రేపు విజయవాడ హైవే మీద ఎక్కడ ఆగినా అక్కడి మెకానిక్ మొదట అడిగేది అవే.